గోడకీ వీపుకీ మధ్య

మా దేవదానం మాస్టారి పడక్కుర్చీ మా ఇంటికి వచ్చి వారం దాటింది. ఆయన కూతురు గ్రేసమ్మ తాడేపల్లిగూడెం నుంచి దాన్ని లారీలో వేయించి, వెనకాలే తను బస్సులో వచ్చి, దగ్గరుండి వరండాలో దింపించి, "నాన్నగారు పోయేముందు మీకిమ్మన్నారండీ" అని చెప్పి, కాఫీ తాగి వెళ్ళిపోయింది. టేకు చట్రం, బారు చేతులు, నడుముకీ తలకీ కలిపి ఒకటే గుడ్డ. గుడ్డ మీద తల ఆనే చోట కొబ్బరినూనె మచ్చ. చూడవచ్చిన వాళ్ళందరికీ ఆ కుర్చీ గురించి గొప్పగా చెబుతున్నాను. భోంచేసి అందులో వాలానంటే ఎండ చల్లబడేదాకా లేవననీ, నా గురకకి పక్కింటివాళ్ళ కుక్క ఊరు విడిచి పోయిందనీ. రాసేటప్పుడైనా నిజం చెప్పాలి కదా. ఆ గుడ్డకి నా వీపు ఇంతవరకూ తగల్లేదు. చేతికర్ర రెండు మోకాళ్ళ మధ్యా పెట్టుకుని అంచు మీద కూర్చుంటాను, సంతబస్సులో ఇంకొకడి సీటు దొరికినవాడిలాగ.

నిన్న మా మనవరాలు లావణ్య కుర్చీ పక్కన చాపేసుకుని బడి పాఠం రాసుకుంటోంది. ఇంగ్లీషులో 'లీన్' అనే మాటకి అలాంటివే ఇంకేం మాటలున్నాయో రాయాలట, వాటితో వాక్యాలు చెయ్యాలట. నాకు ఇరవై తెలుసన్నాను. వేళ్ళు ముడవడం మొదలుపెడితే ఒక చెయ్యి కూడా నిండలేదు. తెలుగులో అడగవే, రాత్రిదాకా చెబుతానన్నాను. తెలుగులో ఎవరూ అడగలేదు తాతయ్యా అంది. అడిగినాయన ఒకరున్నారు. ఆయన కుర్చీ అంచునే కూర్చుని ఉన్నాను.

ఏలూరులో మా పెద్దమ్మగారింట్లో ఉండి చదువుకుంటున్న రోజులవి. మాది కొల్లేటి ఒడ్డున పల్లె. అక్కడ చదువు దొరకదని నన్ను దోనెలో ఎక్కించి, తర్వాత బండెక్కించి, ఒక ట్రంకుపెట్టెతో సహా ఏలూరులో దింపేశారు. పెద్దమ్మగారింట్లో తెల్లవారితే ఊకపొయ్యి పొగ, చద్దన్నంలోకి మాగాయ టెంక, పెరట్లో బూడిదతో తోమిన ఇత్తడి గిన్నెల వాసన. ఆ ఇంటికి పెద్ద మా పెదనాన్నగారని ఊరంతా అనుకునేది. కాదు, ఆయన తల్లి మామ్మ. ఆవిడ ఎంత వయసుదో ఆవిడకే తెలియదు. పొద్దున్న కూర్చుందంటే గదికి నట్టనడుమ, ఏ గోడకీ అందకుండా, నిలువుగా, చేట ఒళ్ళో పెట్టుకుని బియ్యంలో మట్టిబెడ్డలు ఏరుతూ మధ్యాహ్నందాకా అలాగే ఉండేది. ఇంట్లో ఎవరూ గోడకి చేరగిలబడకూడదు, స్తంభానికి ఆనుకోకూడదు, గుమ్మంలో భుజం వాల్చకూడదు. పెద్దవాళ్ళెదురుగా అయితే మరీనూ. ఆనుకుంటే ఏమవుతుంది మామ్మా అంటే, "మనం గోడకి ఆనుకుంటే గోడ మనమీద ఆనుకుంటుంది" అనేది. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ కొల్లేటి లంకల్లో. వానాకాలం నీళ్ళు ఇళ్ళదాకా వచ్చేసి, మట్టిగోడలు నాని, ఎవరైనా వీపు మోపితే చాలు కూలే ఊళ్ళవి. ఆ భయం ఏలూరు వచ్చి, సున్నం కొట్టిన ఇటికగోడల మధ్య మర్యాద అయి కూర్చుంది.

రోజూ దీపాలవేళకి ముందు మామ్మ గోడలు తనిఖీ చేసేది. ఎక్కడైనా తల నూనె మచ్చ కనబడితే దగ్గరికెళ్ళి ముక్కు ఆనించి వాసన చూసి, ఇది ఫలానా వాడి తలకాయ అని చెప్పేసేది. ఈ సంగతి నేను చాలామందికి చెప్పాను, పోలీసు కుక్కకి కూడా అంత ముక్కు ఉండదని. అసలు సంగతేమిటంటే ఆ ఇంట్లో ఆముదం రాసుకునే పిల్లతలకాయ నాదొక్కటే. ముక్కు లేకపోయినా దొరికిపోతాను.

మిషను వారి బడిలో థర్డ్ ఫారం చదువుతున్నప్పుడు దేవదానం మాస్టారు మాకు ఇంగ్లీషుకి వచ్చారు. అప్పటికి ఆయనకి మీసాలు సరిగ్గా రాలేదు. గూడెం దగ్గర పల్లెలో ఒక రైతు దగ్గర పాలేరు కొడుకు. మిషనులో చదువుకుని పైకొచ్చినవాడు. ఒక చొక్కా ఉతికి ఆరేసి ఇంకొకటి తొడుక్కునేవారు, రెంటికీ మోచేతుల దగ్గర అతుకులు. బెత్తం పట్టేవారు కాదు. అంతకుముందున్న మాస్టారు మా చేత ఇంగ్లీషు వల్లె వేయించేవారు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన పెద్దమనిషి అర్థం అడిగితే మేమంతా నోళ్ళు వెళ్ళబెట్టాం. దాంతో ఆయన్ని ఇంటికి పంపేశారు. ఈయన పద్ధతి వేరు. మాట చెబితే పని చెయ్యాలి. తలుపు తెరుస్తున్నాను అంటూ తలుపు తెరవాలి. పరిగెడుతున్నాను అంటూ పరిగెత్తాలి. ఆ ఏడాది మా తరగతి గదిలోంచి వచ్చిన దుమ్ముకి కృష్ణాకాలువ పూడిపోయిందని నేను అంటూంటాను. అంత లేదు గాని, పక్క తరగతి వాళ్ళు తుమ్మేవారు.

ఒక ఆదివారం ఆయన మా పెదనాన్నగారిని చూడడానికి వచ్చారు. అరుగు మీద పెదనాన్నగారు పడుకుని విసురుకుంటున్నారు. మాస్టారు వాకిట్లో నిలబడ్డారు. ఎండ మండుతోంది. అరుగు స్తంభం నీడ ఆయన భుజం మీద పడుతోంది గాని, ఆయన భుజం స్తంభానికి తగల్లేదు. మావాడికి ఇంగ్లీషు అంటుతోందా మాస్టారూ అని పెదనాన్నగారు అడిగారు.

"అంటుతోందండి. నేనుంటే ఇంకా బాగా అంటుతుందండి."

నేనుంటే అనడమేమిటని పెదనాన్నగారు లేచి కూర్చున్నారు. అప్పుడు మెల్లిగా చెప్పుకొచ్చారు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. వచ్చేనెల ఇన్‌స్పెక్టరుగారు వచ్చి పాఠం చూసి ఉంచమంటే ఉంటారు, వద్దంటే లేదు. భార్యకి నెలలు నిండుతున్నాయి. తండ్రికి నడుం పడిపోయి పనిలోకి వెళ్ళలేకపోతున్నాడు. ఇక్కడ కాదంటే ఆ రైతు దగ్గర తండ్రి బదులు తనే పాలేరుగా చేరాలి, అలాగని ఆ రైతు అప్పుడే కబురు కూడా పెట్టాడు. ఇదంతా చెప్పినంతసేపూ ఆయన కదల్లేదు. వెళ్ళాక మామ్మ లోపల్నుంచి, "ఏం మర్యాదరా సూర్యం, ఆ ఎండలో అంతసేపు నిలబడి స్తంభానికి చెయ్యి కూడా ఆనించలేదు, చూసి నేర్చుకో" అంది. నేను తల ఊపాను. పెద్దమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన నిలబడిన చోట చల్లింది. రోజూ సాయంత్రం వాకిలి చల్లేదే. ఆ వేళ కొంచెం ముందుగా చల్లింది. నేను ఆనుకోకపోవడానికీ ఆయన ఆనుకోకపోవడానికీ తేడా ఉందని ఆనాడు నాకు తెలియలేదు. మామ్మకి తెలుసో లేదో ఇప్పటికీ తెలియదు.

ఇన్‌స్పెక్షన్‌కి ఏ పాఠం చూపించాలా అని మాస్టారు చాలా ఆలోచించి, చివరికి లీన్ అనే మాట పట్టుకున్నారు. ముందు తెలుగులో ఏమంటామో చెప్పమన్నారు. తరగతి గోల పెట్టింది. నిచ్చెన గోడకి చేరేస్తాం. సైకిలు చెట్టుకి ఆనిస్తాం. గాలివానకి తాటిచెట్టు ఒరుగుతుంది. గింజ పట్టిన చేను వాలుతుంది. అలిసినవాడు బస్తాకి చేరగిలబడతాడు, బద్ధకస్తుడు జారగిలబడతాడు. కొల్లేట్లో పడవవాడు గెడ మీద ఒళ్ళంతా మోపుతాడు. పక్కకి మొగ్గితే దోనె బోర్లాపడుతుంది. నిద్రొచ్చిన పిల్ల తల్లి మీదికి తూలుతుంది. మాస్టారు నవ్వి, ఇన్నిటికీ ఇంగ్లీషువాడికి ఒక్క మాటే, పాపం ఆ మాట ఎంత బరువు మోస్తోందో చూడండి అన్నారు. తర్వాత గోడ చూపించి, ఏదీ, లీన్ అన్నారు.

ఎవరూ కదల్లేదు. మాట తెలుసు, పని తెలుసు. మాస్టారెదురుగా గోడకి వీపు ఆనించడం మాత్రం మాలో ఒక్కడికీ చేతకాలేదు. రైతుల పిల్లలం ఉన్నాం, చర్చి వెనక పేటలోంచి వచ్చే పిల్లలున్నారు, కోమట్ల పిల్లలున్నారు. ఇళ్ళలో దేవుళ్ళు వేరుగాని మామ్మలందరూ ఒకటే. ఆయన కాసేపు చూసి, సంగతి అర్థమై, "సరే, నేను లేననుకోండి" అని వరండాలోకి వెళ్ళి కిటికీ అవతల నిలబడ్డారు. అక్కణ్ణుంచి లీన్ అని కేకేశారు. అంతే, తరగతంతా గోడకి దబ్బున వాలాం. అప్పటినుంచీ రోజూ అలాగే సాధన. ఆయన బయటికెళ్ళడం, మేం ఆనుకోవడం, ఆయన లోపలికి రావడం, మేం నిలబడడం. పాఠం ఎంత బాగా వచ్చేసిందంటే, ఆ పాఠం చూసే మనిషి కూడా ఒక పెద్దాయనేనన్న సంగతి ఆయనకీ తట్టలేదు, మాకూ తట్టలేదు.

ఆ రోజు పొద్దున్నే హెడ్‌మాస్టరుగారు తరగతి తరగతికీ వచ్చి, ఇన్‌స్పెక్టరుగారి ముందు ఎవడైనా వంకరగా నిలబడితే తోలు ఒలుస్తానన్నారు. బల్లలు తుడిచారు. గోడలకి కొత్తగా సున్నం కొట్టించారు, ఇంకా పచ్చివాసన పోలేదు. దేవదానం మాస్టారు ఎవరిదో కోటు అడిగి తెచ్చుకుని తొడుక్కున్నారు, అది భుజాల దగ్గర జారిపోతోంది. ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. నేను చెప్పుకునే కథలో ఆయన తాటిచెట్టంత మనిషి, కళ్ళు చింతనిప్పులు. నిజానికి తలపాగా పెట్టుకున్న పొట్టి ముసలాయన, తెల్లమీసాలు, చేతిలో పొడుండబ్బా. అచ్చం తాతయ్యలా ఉన్నాడు. అదే మా కొంప ముంచింది. చింతనిప్పు కళ్ళయితే ఆనుకునేవాళ్ళమేమో.

కుర్చీ వేస్తే కూర్చోలేదు. మాస్టారు పాఠం మొదలుపెట్టారు. మేం వాక్యాలు గడగడా చెప్పాం. నిచ్చెన, సైకిలు, తాటిచెట్టు, అన్నీ ఇంగ్లీషులో. ఇన్‌స్పెక్టరుగారి మొహంలో ఏమీ లేదు. అప్పుడు మాస్టారు రోజూలాగే తలుపు వైపు అడుగు వేస్తూ, "లీన్ అగైన్‌స్ట్ ది వాల్" అన్నారు. ఆయన గుమ్మం దాటారు. ఇన్‌స్పెక్టరుగారు గదిలోనే ఉన్నారు. హెడ్‌మాస్టరుగారు ఆయన పక్కనే ఉన్నారు. మేం గోడ దగ్గరికి వెళ్ళి, గోడ వైపు వీపులు తిప్పి, వేలెడు ఎడంగా, కర్రల్లాగ నిలబడ్డాం.

మాస్టారు కిటికీలోంచి చూశారు. మళ్ళీ లీన్ అన్నారు, గొంతు మారింది. ఒక్క వీపూ కదల్లేదు. ఇన్‌స్పెక్టరుగారు నడుచుకుంటూ వచ్చి మొదటి కుర్రాడి ముందు ఆగి తనే అన్నారు, లీన్ అని. వాడు ఇంకా బిగుసుకున్నాడు. రెండోవాడు కళ్ళు మూసుకున్నాడు. ఆ మాట ఆయన నోట విన్నకొద్దీ మాకు వెన్నులు నిటారవుతున్నాయి. హెడ్‌మాస్టరుగారి చెవులు ఎర్రబడ్డాయి. ఇన్‌స్పెక్టరుగారు మాస్టార్ని లోపలికి పిలిచి, పిల్లలకి మాట తెలిసినట్టు లేదే అన్నారు. తెలుసండి అన్నారు మాస్టారు. అయితే మీరు చేసి చూపించండి, చూసి చేస్తారు అన్నారాయన.

మాస్టారు గోడ దగ్గరికి వచ్చారు. నా పక్కనే నిలబడ్డారు. గోడ వైపు వీపు తిప్పారు. కొంచెం వెనక్కి వంగారు. అక్కడ ఆగిపోయారు. ఆ అడిగి తెచ్చుకున్న కోటుకీ గోడకీ మధ్య వేలెడు ఎడం ఉంది, నేను పక్కనుంచి చూస్తున్నాను, ఆ ఎడంలోంచి అవతలివాడి చొక్కా కనిపిస్తోంది. మాస్టారికి చెమట గడ్డం మీదుగా కారుతోంది. పెద్దమనుషుల ముందు భుజం వాల్చితే ఏమవుతుందో ఆయన ఒంటికి చిన్నప్పుడే నేర్పారు, అది మామ్మ చెప్పిన పాఠం లాంటిది కాదు. ఇటు చూస్తే ఉద్యోగం. ఆ వేలెడు ఎడం దాటితే ఆయన మాస్టారు, దాటకపోతే పాలేరు. ఆయన దాటలేకపోతున్నారు. గదిలో సున్నం వాసన, చెమట వాసన, ఎవడో ఎక్కిళ్ళు పెడుతున్న చప్పుడు. హెడ్‌మాస్టరుగారు దగ్గారు. ఇన్‌స్పెక్టరుగారు పొడుండబ్బా మూత వేశారు. ఆ టక్‌మన్న చప్పుడుతో అంతా అయిపోయిందనుకున్నాను.

అప్పుడు నేను ముందుకొచ్చి, గుండె నిబ్బరంతో, ఇంగ్లీషులో, దొరలు కూడా మెచ్చుకునేటట్టు మాట్లాడానని మా వాళ్ళందరికీ చెప్పాను. అంతా కల్ల. ఎక్కిళ్ళు పెడుతున్నవాణ్ణి నేనే. తెలుగులోనే అన్నాను, అదీ సగం ముక్కుతో.

"తమరు బయటికెళ్తే ఆనుకుంటామండీ."

ఇన్‌స్పెక్టరుగారు నాకేసి చూశారు. ఇక ఎలాగూ తోలు ఊడుతుందన్న తెగింపుతో, "హెడ్‌మాస్టరుగారు కూడానండీ" అన్నాను.

ఆ ముసలాయన పొడుండబ్బా జేబులో వేసుకున్నారు. తర్వాత హెడ్‌మాస్టరుగారి మోచెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్ళిపోయారు. మాస్టారు మా వైపు చూడకుండా బోర్డు వైపు తిరిగిపోయారు, మాకోసం. కిటికీ అవతలనుంచి ముసలి గొంతు వినిపించింది, లీన్ అని. తరగతంతా ఒక్కసారి వాలాం. గోడ కూలిపోయిందని, పక్క తరగతి పంతులు ఇటికల కింద దొరికాడని మీరెవరైనా నా దగ్గర విని ఉంటే, క్షమించాలి. గోడ కూలలేదు. కాస్త సున్నం పెచ్చు రాలింది, అంతే.

ఆయన మళ్ళీ లోపలికి వచ్చేసరికి మేం నిటారుగా ఉన్నాం. గోడ మీద మాత్రం, కొత్త సున్నం మీద, మా తలల ఎత్తున నూనె మచ్చలు వరసగా ఉన్నాయి. ఆయన ఆ వరస పొడుగునా నడిచారు. నా మచ్చ దగ్గర ఆగి మొదటిసారి తెలుగులో అడిగారు.

"ఆనుకోవద్దని ఎవరు చెప్పారు?"

"మా మామ్మండి."

"మా ఇంట్లోనూ మామ్మే" అన్నారు. అని, వేసిన కుర్చీలో కూర్చోకుండానే వెళ్ళిపోయారు. ఉంచమన్నారో వద్దన్నారో ఎవరికీ తెలియలేదు.

సాయంత్రం ఇంట్లో జరిగిందీ, మాస్టారు గూడెం బండికి వెళ్తున్న సంగతీ చెబితే పెదనాన్నగారు పగలబడి నవ్వారు. మామ్మ నవ్వలేదు. చేట కింద పెట్టి, "ఆ పిల్లవాడి పెళ్ళానికి నెలలన్నాడు కదూ" అని, లేచి వెళ్ళి శొంఠీ బెల్లం కలిపి మూటకట్టి నా చేతికిచ్చి స్టేషన్‌కి పరిగెత్తమంది. పెద్దమ్మ ఏదో అనబోయి మానేసింది. నేను వెళ్ళేసరికి గూడెం వైపు పాసింజరు ఇంకా రాలేదు. పొద్దు వాలుతోంది. ప్లాట్‌ఫారం చివర, జనం లేని చోట, మాస్టారు దీపస్తంభానికి ఆనుకుని ఉన్నారు. వీపంతా, తలంతా ఆనించి, కళ్ళు మూసుకుని. ఒక మనిషి అంత బరువుగా ఆనుకోవడం నేను అంతవరకూ చూడలేదు. నేను కనబడితే లేచి నిలబడతారని తెలుసు. అందుకని పార్సిలు బస్తాల వెనక్కి తప్పుకుని మూట పట్టుకుని నిలబడ్డాను. అవతల్నుంచి హెడ్‌మాస్టరుగారు వస్తున్నారు. బూట్ల చప్పుడు విని మాస్టారు ఒక్క ఉదుటున నిటారయ్యారు. హెడ్‌మాస్టరుగారు దగ్గరికి వచ్చి కాసేపు పట్టాల వైపు చూసి, "నిన్ను ఉంచమన్నారోయ్ దేవదానం" అన్నారు. మాస్టారు ఏడ్చారనీ, కాళ్ళమీద పడ్డారనీ నేను చెప్పేవాణ్ణి. ఆయన అవేవీ చెయ్యలేదు. ఎండా లేదు, వానా లేదు, చంకలోని గొడుగు తీసి, హెడ్‌మాస్టరుగారి ఎదురుగానే విప్పి, దాని కింద నిలబడ్డారు.

ఆ శొంఠి మూట గూడెం చేరిన వారమే గ్రేసమ్మ పుట్టింది.

ఇప్పటి బళ్ళు చూస్తాను. పిల్లలు మాస్టారి బల్లకే ఆనుకుని మాట్లాడతారు, మా లావణ్య నా భుజానికి ఆనుకుని నా కళ్ళజోడు సర్దుతుంది. నాకు కోపం రాదు, మామ్మ చూస్తే ఏమనేదో తెలియదు గాని. ఏ స్తంభానికీ చెయ్యి తగలకుండా మాస్టారు ఎండలో నిలబడ్డ రోజు గుర్తొచ్చినప్పుడు మాత్రం, ఈ ఆనుకోవడం ఎంత ఖరీదైనదో ఈ పిల్లకి తెలియకపోవడమే మంచిదనిపిస్తుంది. మాస్టారు రిటైరయ్యాక ఒకసారి గూడెం వెళ్ళాను. అప్పటికి నేనూ బట్టతల ఆఫీసర్ని. వరండాలో ఈ కుర్చీలోనే వాలి ఉన్నారు. నన్ను చూడగానే, ఎవరో పెద్దమనిషి వచ్చాడనుకుని, చేతుల మీద బలం మోపి లేవబోయారు. "మాస్టారూ, మీరు వాలండి. లేదంటే నేను బయటికెళ్తానండీ" అన్నాను. ఆయన గుర్తుపట్టారు. నవ్వుతూ వెనక్కి వాలారు. ఆ మధ్యాహ్నమంతా ఆయన వాలే మాట్లాడారు, నేను ఎదురుగా స్టూలు మీద నిటారుగా కూర్చుని విన్నాను. ఆ కుర్చీ నాకిమ్మని ఎందుకన్నారో ఆయనకే తెలియాలి.

ఇదంతా లావణ్యకి చెప్పాను. గోడ కూల్చకుండానే చెప్పాను. ఆ పిల్ల పెన్సిలు చివర కొరుకుతూ, అంచు మీద కూర్చున్న నన్నూ, వెనక ఖాళీగా వేలాడుతున్న గుడ్డనీ చూసింది.

"మరి మీ మాస్టారు బయటికెళ్ళిపోయారుగా తాతయ్యా, ఇంక ఆనుకో."

కర్ర పక్కన పెట్టాను. మెల్లిగా వెనక్కి జరిగాను. చట్రం కిర్రుమంది. తల ఆనిన చోట కొబ్బరినూనె వాసన వచ్చింది.